ఈ ఫైలు ఎవరిది?

సి డ్రైవ్ గీత ఎర్రబడిందంటే మన కంప్యూటర్ సెంటర్లలో ముందుగా చెప్పే చిట్కా ఒకటుంది. రన్ పెట్టె తెరిచి టెంప్ అని టైపు చెయ్యి, వచ్చినవన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టు. మళ్లీ అదే మాటకి ముందూ వెనకా పర్సెంట్ గుర్తులు పెట్టి ఇంకోసారి. ఆఖర్న ప్రీఫెచ్. యూట్యూబ్‌లోని తెలుగు వీడియోలు కూడా ఇదే వరసలో చూపిస్తాయి. మొదటి రెండింటివల్లా ప్రయోజనం ఉంది. మూడోది చేయకూడని పని. మొదటి రెండింటిలోనైనా కొన్ని ఫైళ్లు ఎన్నిసార్లు నొక్కినా పోవు. ఇంకో ప్రోగ్రాం దీన్ని వాడుతోంది అని విండోస్ అడ్డం పడుతుంది. చాలామంది అక్కడ విసుక్కుంటారు. నాకు మాత్రం ఈ విషయమంతటికీ కీలకం ఆ అడ్డంలోనే ఉందనిపిస్తుంది.

డిస్కు మీద ఫైలు చెరపడం ఏనాడూ కష్టం కాలేదు. అది ఎవరిదో, దానితో ఇంకా ఎవరికి పని ఉందో కనుక్కోవడమే కష్టం. డాస్ రోజుల్లో ఫైలును తీసేయడమంటే దాని పేరులో మొదటి అక్షరం ఉన్నచోట ఒక గుర్తు పెట్టి, అది కూర్చున్న జాగా ఖాళీ అని పట్టికలో రాసుకోవడమే. లోపలి సమాచారం అక్కడే ఉండిపోయేది. పీటర్ నార్టన్ 1982లో అమ్మకానికి పెట్టిన అన్‌ఇరేజ్ ఆ మొదటి అక్షరాన్ని తిరిగి అతికించి, పోయిందనుకున్న ఫైలును వెనక్కి తెచ్చేది. చెరపడం ఎంత తేలికో, పొరపాటున చెరపడమూ అంతే తేలిక కాబట్టే ఆ సరుకు అంతగా అమ్ముడుపోయింది.

టెంప్ ఫోల్డర్ కూడా డాస్ కాలం నాటి ఏర్పాటే. ప్రోగ్రాం పని మధ్యలో ఏదైనా రాసి పెట్టుకోవాలంటే టెంప్ అనే పేరుతో చూపించిన చోట రాసుకోవాలి. పని ముగిశాక తనది తనే తీసేయాలి. ఇది పెద్దమనుషుల ఒప్పందం లాంటిది. దీన్ని అమలు చేయించేవాడు ఎవరూ లేరు. ప్రోగ్రాం మధ్యలో బిగుసుకుపోయినా, యూపీఎస్ లేని చోట కరెంటు పోయినా తీసేసే ఘట్టం రానే రాదు. ఫైలు మిగిలిపోతుంది. మళ్లీ ప్రోగ్రాం తెరిచినప్పుడు అది కొత్త పేరుతో కొత్త ఫైలు రాసుకుంటుంది గానీ పాతదాని వైపు చూడదు.

ఆ పేర్లు తయారుచేసే తీరు వల్ల ఒక చిక్కు వచ్చింది. విండోస్‌ను ఒక తాత్కాలిక పేరు అడిగితే ప్రోగ్రాం ఇచ్చిన మూడక్షరాల వెనక ఒక సంఖ్య తగిలించి ఇస్తుంది. ఆ సంఖ్యకు కేటాయించినది 16 బిట్లు. కాబట్టి ఒక మూడక్షరాల మీద ఒక ఫోల్డర్‌లో 65,535 పేర్లకు మించి కుదరవు. తన ఫైళ్లు తీయడం మరిచిపోయే ప్రోగ్రాం సర్వర్ మీద నెలల తరబడి నడిస్తే ఒకరోజు పేర్లన్నీ అయిపోతాయి. డిస్కులో బోలెడు చోటున్నా ప్రోగ్రాం ఆగిపోతుంది. మిగులు ఫైళ్లంటే చోటు తినేవే అనుకుంటాం, కానీ పని ఆపేవి కూడా.

కాష్ సంగతి వేరు. టెంప్‌లో ఉన్నది సగంలో ఉన్న పని. కాష్‌లో ఉన్నది అసలు ఇంకోచోట భద్రంగా ఉన్నదానికి నకలు. వేగం తక్కువ చోటి నుంచి మాటిమాటికీ తెచ్చుకోకుండా దగ్గర్లో ఒక నకలు ఉంచుకుందామన్న ఆలోచనను కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1965లో ఒక చిన్న వ్యాసంలో రాశాడు. 1968లో ఐబీఎం తన సిస్టమ్/360 మోడల్ 85లో దాన్ని అమ్మకపు సరుకు చేసింది. అది ప్రాసెసర్ పక్కనుండే మెమరీకి సంబంధించినది. 1990ల్లో బ్రౌజర్లు అదే ఆలోచనను డిస్కు మీదికి దించాయి. ఫోను లైను మీద ఒక్కో బొమ్మా దిగడానికి నిమిషాలు పట్టే రోజులవి. ఒకసారి దిగిన బొమ్మను మళ్లీ దింపుకోవడమంటే కాలమూ ఫోను బిల్లూ రెండూ దండగ. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాటన్నిటినీ టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో దాచేది.

ఆ దాపుడుకి విండోస్ 95 నాటి డిస్కు పెద్ద మూల్యం చెల్లించింది. ఫ్యాట్16 పద్ధతిలో డిస్కు జాగాను సమానమైన ముక్కలుగా కోసి, ఏ ఫైలుకైనా పూర్తి ముక్కలే ఇస్తారు. ఒకటి నుంచి రెండు జీబీల మధ్య ఉన్న డ్రైవ్‌లో ఒక్కో ముక్క 32 కేబీ. వెబ్ పేజీలో ఒక చిన్న బటన్ బొమ్మ ఒక కేబీ ఉంటే దానికీ 32 కేబీల గది ఇవ్వాలి. గరిటెడు నూనెకి పెద్ద డబ్బా ఒకటి కట్టిపెట్టినట్టు. అలాంటి బొమ్మలు వెయ్యి చేరితే అసలు సరుకు ఒక ఎంబీ, ఆక్రమణ 31 ఎంబీలు. 1996లో విండోస్ 95 సవరించిన ప్రతితో ఫ్యాట్32 వచ్చి, 8 జీబీల లోపు డ్రైవ్‌లకు ముక్కను 4 కేబీకి తగ్గించాక గానీ ఈ బాధ తగ్గలేదు. పాత డిస్కులు మాత్రం పాతగానే నడిచాయి.

మూడో రకం మిగులు, తీసేసిన ప్రోగ్రాంల అవశేషాలు. విండోస్ 3.1లో ప్రోగ్రాం పెట్టడానికి దారి ఉంది, తీయడానికి లేదు. సెటప్ నడిపితే తన ఫోల్డర్‌లో కొన్ని, విండోస్ వారి సిస్టమ్ ఫోల్డర్‌లో కొన్ని డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రాంలు పంచుకునే కోడు) పెట్టి, విండోస్ సెట్టింగుల ఫైళ్లలో నాలుగు వరసలు చేర్చి వెళ్లిపోయేది. ఏది ఎక్కడ పెట్టిందీ ఎవరూ రాసుకోలేదు. ప్రోగ్రాం వద్దనుకుంటే దాని ఫోల్డర్ తీసేయడమే మనం చేయగలిగింది, మిగతావి శాశ్వత నివాసులు. ఈ లోటు మీదే మైక్రోహెల్ప్ అన్‌ఇన్‌స్టాలర్, క్వార్టర్‌డెక్ క్లీన్‌స్వీప్ లాంటి సరుకులు వ్యాపారం చేశాయి. సెటప్‌కు ముందూ తర్వాతా డిస్కును పోల్చి చూసుకుని, తేడాను గుర్తుపెట్టుకోవడం వాటి ముఖ్యమైన ఉపాయాల్లో ఒకటి.

విండోస్ 95 ఆ లోటును తానే పూడ్చబోయింది. కంట్రోల్ ప్యానెల్‌లో యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్ పెట్టింది. పెట్టె మీద విండోస్ 95 ముద్ర వేసుకోవాలంటే ప్రోగ్రాం తనను తాను తీసేసుకునే దారి కూడా ఇవ్వాలని నియమం పెట్టింది. అందరూ వాడుకునే డీఎల్ఎల్‌కి విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక లెక్క పెట్టించింది: వాడేవాడు వస్తే ఒకటి కలపాలి, పోతే ఒకటి తీయాలి, సున్నా అయితే ఫైలును తీసేయవచ్చు. కాగితం మీద నిర్దుష్టమైన పద్ధతి. కానీ లెక్క కలపకుండానే ఫైలు వాడుకునే ప్రోగ్రాంలు ఎన్నో. అందుకే ఆ రోజుల్లో ఏ ప్రోగ్రాం తీస్తున్నా ఒక ప్రశ్న ఎదురయ్యేది: ‘ఈ ఉమ్మడి ఫైలును ఎవరూ వాడటం లేదని తెలుస్తోంది, తీసేయమంటారా?’ అడుగుతున్న యంత్రానికే నమ్మకం లేదు. ఇంట్లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? అందరూ వద్దు అనే నొక్కేవాళ్లు, ఫైలు అక్కడే ఉండిపోయేది. అలా నొక్కినవాళ్లు చేసింది సరైన పనే.

1998 జూన్ 25న వచ్చిన విండోస్ 98లో డిస్క్ క్లీనప్ ఉంది. బూడిదరంగు పెట్టె, అందులో టిక్కులు పెట్టే ఒక జాబితా, పక్కన ఎన్ని ఎంబీలు వస్తాయో లెక్క. చూడటానికి ఇంతే. ఎవరూ దాన్ని గొప్ప ఆవిష్కరణగా పొగడలేదు. లోపలి కట్టుబడి చూస్తే నాకు మాత్రం అంతవరకు వచ్చినవాటన్నిటికంటే తెలివైన ఆలోచన ఇదే అనిపిస్తుంది.

ఆ ప్రోగ్రాంకి చెత్త అంటే ఏమిటో స్వయంగా తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించదు కూడా. రిజిస్ట్రీలో వాల్యూమ్‌కాషెస్ అనే పేరుతో ఒక జాబితా ఉంటుంది. అందులో ఒక్కో వరసా ఒక్కో యజమాని. బ్రౌజర్ కాష్‌కి ఒకరు, రీసైకిల్ బిన్‌కి ఒకరు, తాత్కాలిక ఫైళ్లకి ఒకరు. డిస్క్ క్లీనప్ తెరవగానే ఆ జాబితాలోని ప్రతివాడినీ పిలుస్తుంది. ఇదిగో ఫలానా డ్రైవ్, ఇందులో నీవి ఎన్ని ఖాళీ చేయగలవు అని అడుగుతుంది. వాళ్లు తమ సరుకు తాము చూసుకుని అంకె చెప్తారు. ఆ అంకెలే మనకు కనిపించే జాబితా. మనం టిక్కు పెట్టి సరే అన్నాక, తీసేయండి అని మళ్లీ వాళ్లకే చెప్తుంది. డిస్క్ క్లీనప్ తన చేత్తో ఒక్క ఫైలునూ ముట్టుకోదు. ఏ ఫైలు సగం పనిలో ఉందో, ఏది నకలో రాసినవాడికే తెలుసు కాబట్టి చెరిపే బాధ్యత కూడా వాడిదే.

తలుపు బయటివాళ్లకీ తెరిచే ఉంది. ఏ కంపెనీ అయినా తన ప్రోగ్రాం పేరు ఆ జాబితాలో చేర్చుకోవచ్చు. దానికోసం కోడు రాసే ఓపిక లేనివాళ్లకి మైక్రోసాఫ్ట్ ఒక సాధారణ పనివాణ్ణి తయారుచేసి ఇచ్చింది. ఫలానా ఫోల్డర్, ఫలానా రకం పేర్లు, ఇన్ని రోజులుగా ముట్టనివి అని రిజిస్ట్రీలో రాసిపెడితే చాలు. టెంప్ ఫోల్డర్‌కి పెట్టిన నియమం ఇక్కడే కనిపిస్తుంది: వారం రోజులుగా కదలని ఫైళ్లు మాత్రమే. కంప్యూటర్ ఆన్ చేయగానే మొత్తం ఊడ్చేయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కొన్ని సెటప్‌లు తమ సామానంతా టెంప్‌లో విప్పుకుని, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయించి, లేచాక మిగతా పని పూర్తిచేస్తాయి. లేవగానే ఊడిస్తే వాటి కాళ్లు విరుగుతాయి. వారం గడిచినా ఎవరూ ముట్టలేదంటే ఇక ఎవరూ రారని నమ్మవచ్చు.

ఈ ప్రోగ్రాంను టైము ప్రకారం దానంతట అది నడిపించుకోవడానికి సేజ్‌సెట్, సేజ్‌రన్ అనే రెండు ఆదేశాలున్నాయి. 0 నుంచి 65,535 వరకు ఏదో ఒక అంకెతో మన టిక్కులను దాచుకుని, తర్వాత ఆ అంకెతోనే నడపవచ్చు. సేజ్ అన్నది విండోస్ 95తో విడిగా అమ్మిన ప్లస్ ప్యాక్‌లోని సిస్టమ్ ఏజెంట్ ప్రోగ్రాం పేరు. అది పోయి టాస్క్ షెడ్యూలర్ వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆ పేరు ఈ ఆదేశాల్లో ఉండిపోయింది. ఆఫీసుల్లో వందల కంప్యూటర్లు చూసే సిస్టమ్ అడ్మిన్లకు ఇవి ఎంతగా అక్కరకు వచ్చాయో వాళ్లనడిగితే చెప్తారు.

2001లో వచ్చిన ఎక్స్‌పీలో రెండు సంగతులు చెప్పుకోవాలి. ఒకటి, డిస్క్ క్లీనప్‌లో పాత ఫైళ్లను నొక్కి చిన్నవి చేసే అంశం. ఎంత చోటు మిగులుతుందో లెక్కకట్టడానికి అది డిస్కంతా తిరిగేది, జనం పెట్టె ముందు కూర్చుని ఎదురుచూసేవాళ్లు. తర్వాతి విండోస్‌లలో దాన్ని తీసేశారు. రెండోది ప్రీఫెచ్. ప్రోగ్రాం మొదలైన తొలి పది సెకన్లలో డిస్కు నుంచి ఏమేం చదువుతోందో విండోస్ గమనించి ఒక చిన్న ఫైలులో రాసుకుంటుంది. ఈసారి తెరిచినప్పుడు ఆ చీటీ చూసి అన్నీ వరసగా ముందే తెచ్చిపెడుతుంది. అంటే ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఉన్నది వేగం కోసం రాసుకున్న జ్ఞాపకాలు. వాటిని తీసేస్తే తర్వాతిసారి ప్రతి ప్రోగ్రామూ నెమ్మదిగా లేస్తుంది, విండోస్ మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. ఎక్స్‌పీలో ఆ చీటీలు 128 దాటకుండా విండోసే కత్తిరించుకునేది. ఇరవై ఏళ్లు దాటినా, కంప్యూటర్ వేగం పెంచే చిట్కాగా దీన్ని చెరపమని నేర్పుతూనే ఉండటం నాకు బాధ కలిగిస్తుంది. కాష్ కనిపించగానే చెత్త అనుకునే అలవాటు అది.

అడగకుండా ఊడ్చే ఆ అలవాటే ఒక పరిశ్రమ అయింది. లండన్‌కు చెందిన పిరిఫామ్ తెచ్చిన సీక్లీనర్ అందులో మేటి. ఉచితం, చిన్నది, ఒక్క బటన్. బ్రౌజర్లు, ఆఫీసు ప్రోగ్రాంలు, ప్లేయర్లు ఎక్కడెక్కడ ఏమి వదులుతాయో దాన్ని చేసినవాళ్లు వెతికి జాబితాగా రాసుకున్నారు. యజమాని చెప్పకపోతే పక్కింటివాడు చూసి చెప్పడం లాంటి పద్ధతి. ఎక్కువగా బాగానే పనిచేసింది. అందులోనే రిజిస్ట్రీని శుభ్రం చేసే భాగం కూడా ఉంది, అక్కడ నా నమ్మకం తగ్గుతుంది. రిజిస్ట్రీలో అనాథగా కనిపించే ఒక వరస కొన్ని బైట్లు. వెయ్యి తీసినా కంప్యూటర్ వేగంలో తేడా తెలియదు. తీయకూడనిది ఒక్కటి తీస్తే ప్రోగ్రాం తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ తానే ఒకప్పుడు రెగ్‌క్లీన్ అనే పనిముట్టు ఇచ్చి తర్వాత ఉపసంహరించుకుంది. ఇలాంటి పనిముట్లు వాడమని తాము చెప్పబోమని ఆ తర్వాత ప్రకటించింది. ఇన్‌స్టలేషన్ అవశేషాలను తుడిచే ఇంకో పనిముట్టును, పక్కనున్న భాగాలను పాడుచేస్తోందని 2010లో వెనక్కి తీసుకుంది.

సీక్లీనర్‌కు వచ్చిన ఆపద వేరు. 2017 జులైలో పిరిఫామ్‌ను అవాస్ట్ కొనుక్కుంది. ఆగస్టు 15న విడుదలైన 5.33 ప్రతిలో, కంపెనీ సొంత డిజిటల్ సంతకం కిందే, ఎవరో బయటివాళ్లు చొప్పించిన దొంగ కోడు ఉంది. సెప్టెంబరులో సిస్కో టాలోస్, మార్ఫిసెక్ పరిశోధకులు పట్టుకునేదాకా అది నడిచింది. ఆ ప్రతి చేరిన కంప్యూటర్లు సుమారు 22.7 లక్షలు. దొంగల గురి మాత్రం ఇళ్ల మీద కాదు, పేరున్న సాంకేతిక సంస్థల మీద. అన్నిట్లోంచి ఏరుకుని దాదాపు 40 కంప్యూటర్లకే రెండో దశ కోడు పంపారు. శుభ్రం చేసే ప్రోగ్రాంకి డిస్కంతటి మీదా హక్కు ఇచ్చి కూర్చోబెడతాం. ఆ హక్కు చేతులు మారితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

విండోస్ తన మిగులును తాను తీసుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. విస్టా నుంచి సిస్టమ్ భాగాలన్నిటి ప్రతులూ విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఒక అప్‌డేట్ వస్తే కొత్త ప్రతి చేరుతుంది, వెనక్కి వెళ్లాల్సి వస్తుందేమోనని పాతదీ ఉంటుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో దాని సైజు చూసి జనం గుండె పట్టుకునేవాళ్లు. నిజానికి అందులో చాలా ఫైళ్లు సిస్టమ్‌లోని ఫైళ్లే. ఒకే ఫైలుకు రెండు చోట్ల పేరు ఉంటుంది, ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కపెడుతుంది. అది తెలియక ఆ ఫోల్డర్‌ను చేత్తో చెరపబోయినవాళ్లు విండోస్‌నే పోగొట్టుకున్నారు. విండోస్ 7 వచ్చిన నాలుగేళ్లకి, 2013 అక్టోబరులో, డిస్క్ క్లీనప్ జాబితాలో అప్‌డేట్ క్లీనప్ అనే కొత్త వరస చేరింది. విండోస్ 8లో అది ఎవరూ అడగకుండానే జరిగే పని అయింది. కొత్త ప్రతి వచ్చి 30 రోజులు నిలదొక్కుకున్నాకే పాతదాన్ని తీస్తారు. వారం గడువుతో టెంప్‌కి పెట్టిన జాగ్రత్తే ఇక్కడ నెల గడువుతో వచ్చింది.

విండోస్ 10తో ఊపు మారింది. ఏడాదికి రెండు పెద్ద అప్‌డేట్లు, ప్రతిసారీ పాత విండోస్ మొత్తం విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌లో కొన్ని జీబీలు తింటూ కూర్చునేది. వెనక్కి వెళ్లే గడువు మొదట నెల, 2016లో దాన్ని 10 రోజులకు తగ్గించారు. 2017 ఏప్రిల్‌లో స్టోరేజ్ సెన్స్ వచ్చింది. మనం పెట్టె తెరిచి టిక్కులు పెట్టనక్కరలేదు, చోటు తగ్గితే తానే తీస్తుంది.

ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ తర్వాత కొందరు వాడకందార్ల నుంచి ఒక చిన్న ఫిర్యాదు వచ్చింది. చిన్న ఎస్ఎస్‌డీ సి డ్రైవ్‌గా, పెద్ద హార్డ్ డిస్కు డి డ్రైవ్‌గా ఉన్నవాళ్లు డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను డి లోకి మళ్లించుకుంటారు. 2018 ఏప్రిల్ అప్‌డేట్ తర్వాత వాళ్లకి సి లో అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ ఇంకొకటి కనబడింది. ఖాళీదే, హాని లేదు, కంటికి ఇబ్బంది. దాన్ని తీసేయడానికి మైక్రోసాఫ్ట్ తర్వాతి అప్‌డేట్‌లో కొంత కోడు చేర్చింది. 2018 అక్టోబరు 2న ఆ అప్‌డేట్, ప్రతి సంఖ్య 1809, విడుదలైంది. రెండు మూడు రోజుల్లోనే జనం గగ్గోలు. ఏళ్లనాటి ఫొటోలు, పత్రాలు మాయం.

జరిగింది ఇది. ఫోల్డర్‌ను మళ్లించేటప్పుడు ‘పాత చోట ఉన్న ఫైళ్లు కూడా తరలించమంటారా’ అని విండోస్ అడుగుతుంది. వద్దన్నవాళ్ల ఫైళ్లు పాత చోటే ఉండిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ పాత ప్రతి ఒకటి అసలు తరలించకుండానే మళ్లించింది. కొత్త కోడు, మరో మార్పుతో కలిసి, పాత చోటున్న ఫోల్డర్‌ను నకలుగా భావించి లోపలి సరుకుతో సహా చెరిపేసింది. అది ఎవరిదని ఎవరినీ అడగలేదు. అక్టోబరు 6 నాటికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఆపేసింది. ఫిర్యాదు చేసినవాళ్లు పది వేల ఇన్‌స్టలేషన్లకు ఒకరని చెప్పింది. ఫైళ్లు పోయినవాళ్లను కంప్యూటర్ వాడటం వెంటనే ఆపి తమకు ఫోను చేయమంది. పాత సంగతే, చెరిపిన జాగా మీద ఇంకేదీ రాయకపోతే సమాచారం దొరికే అవకాశం ఉంటుంది. విడుదలకు ముందే పరీక్షించినవాళ్లలో కొందరు మైక్రోసాఫ్ట్ ఫిర్యాదుల పెట్టె ఫీడ్‌బ్యాక్ హబ్‌లో ఈ సంగతి రాశారు గానీ, మద్దతు ఓట్లు తక్కువ పడటంతో అది కింద ఉండిపోయింది. ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్ హబ్‌లో నష్టం ఎంత తీవ్రమో రాసే గడి చేర్చారు. సరిచేసిన 1809 మళ్లీ నవంబరు 13న బయటికి వచ్చింది.

ఇదే 1809లో డిస్క్ క్లీనప్‌ను ఇక పక్కన పెడుతున్నామని, పని స్టోరేజ్ సెన్స్ చూసుకుంటుందని ప్రకటించారు. ఇదే 1809లో డిస్క్ క్లీనప్ జాబితాలోకి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా వచ్చి చేరింది. ఇరవై ఏళ్లుగా ఆ జాబితాలో ఉన్నదేదైనా యజమాని ఒప్పుకున్న చెత్తే అన్న నమ్మకంతో అన్నిటికీ టిక్కు పెట్టడం జనానికి అలవాటు. డౌన్‌లోడ్స్‌లో ఉన్నది మాత్రం హాల్ టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెళ్లి ఫొటోలు. వాటికి యజమాని ఏ ప్రోగ్రామూ కాదు, మనిషి. 2020లో వచ్చిన, 2004 అనే సంఖ్య గల ప్రతిలో ఆ వరసను తీసేశారు.

డిస్క్ క్లీనప్ విండోస్ 11లో ఇప్పటికీ తెరుచుకుంటుంది. వాల్యూమ్‌కాషెస్ జాబితా కూడా అక్కడే ఉంది. స్టోరేజ్ సెన్స్‌లో రీసైకిల్ బిన్‌కి మామూలుగా 30 రోజుల గడువు పెట్టి ఉంటుంది. డౌన్‌లోడ్స్‌కి ‘ఎప్పుడూ వద్దు’ అని ఉంటుంది. ఒక రోజు, 14, 30, 60 రోజులు తెరవకపోతే తీసేయమని మార్చుకోవచ్చు. మార్చాల్సింది మాత్రం మనమే.